బాపు మడి, నా ర్యాంకు, విఠల్ సార్

మొన్న చలికాలంలో ఎడపల్లి దగ్గర రైలు గేటు పడింది. నా స్కూటరుకు ముందు చెరుకు ట్రాక్టరొకటి ఆగి ఉంది. కోసి రెండు మూడు రోజులైనట్టుంది. ఎండకు పులిసిన చెరుకు ఒక రకమైన వాసన వేస్తుంది, అటు కల్లూ కాదు, ఇటు బెల్లమూ కాదు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు విఠల్ సార్ గుర్తొస్తారు. ఆయన చెరుకు రైతేం కాదు. ఆయన ఇంటావంటా సేద్యమే లేదు. నిజామాబాదులో బీడీలు చుట్టి పిల్లల్ని చదివించుకున్న ఒక తల్లికి కొడుకు. బోధన్ జూనియర్ కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన లెక్చరర్. అయినా చెరుకు బండ్ల గురించి ఆయన ఒకరోజు మాట్లాడిన మాటల మీదే నా బతుకు ఇటు తిరిగింది. ఆయన్ను చూడనివాళ్లకు ఆ మనిషి ఎట్లాంటివాడో చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

సన్నటి మనిషి. నవ్వు తక్కువ. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలుండేవి. రోజూ నిజామాబాదు నుంచి బోధన్‌కు రైల్లో వచ్చేవారు. నేను ఎడపల్లిలో అదే రైలెక్కేదాన్ని. సార్ కనిపిస్తే మేమంతా పక్క పెట్టెలోకి జారుకునేవాళ్లం, ఎందుకంటే ఆయన రైల్లో కూడా ప్రశ్నలడిగేవారు. ఒకసారి తప్పించుకోలేక దొరికిపోయాను. పల్లీలు నా చేతిలో పోసి అడిగారు.

"ఏం చదువుదామని బైపీసీ తీసుకున్నవ్?"

"డాక్టర్ సార్."

"నీకు గావాల్నా, మీ బాపుకు గావాల్నా?"

"ఇద్దరికి సార్."

"గట్లయితే ఎంసెట్ ఇద్దరు గలిసి రాయుండ్రి," అని కిటికీ వైపు తిరిగి పల్లీలు నములుతూ కూర్చున్నారు. పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి అవ్వకు, అంటే మా అమ్మకు, చెబితే, "మంచిగనే అన్నడు గదనే, తప్పేమన్నడు?" అంది. మా అవ్వ తీరే అంత, ఎవరి మీద చాడీ చెప్పినా అవతలివాళ్ల పక్షమే.

కానీ సార్ అడిగింది నిజమే. డాక్టర్ కావాలన్న కోరిక ముందు బాపుకే పుట్టింది, తర్వాత నాకు అంటుకుంది. బాపు పేర ఉన్నది కాలువ కింది మడి ఒక్కటే. మిగతాదంతా కౌలుకు చేసేవాడు. మడిలో చెరుకు వేసి, బండి కట్టి ఫ్యాక్టరీకి తోలి, యార్డులో టోకెన్ పట్టుకుని చలిలో పడిగాపులు కాసేవాడు. అట్లా కాస్తున్నప్పుడు ఒకసారి ఎద్దుకు కడుపుబ్బి, ఆయన కళ్ల ముందే కాళ్లు కొట్టుకుని చచ్చిపోయిందట. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు నేను చిన్నపిల్లను. ఆ తర్వాతే "నా బిడ్డను డాక్టర్ను జేస్త" అనే మాట ఆయన నోట్లోకి వచ్చింది. ఎద్దు చావుకూ మనుషుల డాక్టరుకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఎంసెట్ ఫలితాలు వచ్చాయి. నా ర్యాంకు ఐదంకెల్లో ఉంది. నేను కార్డు పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాను. బాపు మాత్రం ఎగిరి గంతేశాడు! ఆయన లెక్క ఆయనది. ఫ్యాక్టరీ యార్డులో టోకెన్ ఇచ్చారంటే ఈ రోజు కాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి, బండి తూగి తీరుతుంది. నంబరు పెద్దదైతే ఆలస్యమవుతుందేమో గానీ, తూగకుండా బండి వెనక్కి తిరిగిన రోజు ఆయన ఎరగడు. కాబట్టి ర్యాంకు వచ్చిందంటే సీటు వచ్చినట్టే. "నంబరు వడ్డదే, ఇగ ఫికరేంది?" అని ఎడపల్లిలో మా వాడకట్టు మొత్తానికి పేడాలు పంచాడు. సాయంత్రానికి నేను డాక్టరమ్మనైపోయాను. పక్కింటి ముసలమ్మ వచ్చి మోకాలు చూపించింది. బాపు సంతోషం చూస్తే, కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రాత్రి అవ్వ కొంగు పట్టుకుని ఏడ్చాను.

పేడాల తీపి ఆరకముందే దేవిదాస్ దిగాడు. మాకు దూరపు చుట్టం, బాపుకు తమ్ముడి వరస. సరిహద్దు దాటి అవతలి రాష్ట్రంలో డొనేషన్ కట్టించి సీట్లు ఇప్పిస్తుంటాడని పేరు. మాటల్లో సగం మరాఠీ కలిపి మాట్లాడేవాడు. కార్డు చూసి పెదవి విరిచి, "అన్నా, గీ నంబరుకు గిక్కడ దొరకది. అక్కడయితే నేను పక్కా చేయిస్త. మడి అమ్మెయ్యి. బిడ్డ డాక్టరైనంక గసొంటి మడులు నాలుగు కొంటది" అన్నాడు. కొనేవాణ్ణి కూడా ఆయనే చూసిపెట్టాడు. బయానా పుచ్చుకోవడానికి బాపు ఒప్పేసుకున్నాడు. పొయ్యి దగ్గర అవ్వ గిన్నెల చప్పుడు మాత్రం రెండింతలైంది. మడి పోతే మా ఇంట్లో ఆడవాళ్లంతా ఇక చాటలు ముందేసుకుని బీడీలు చుట్టుకోవాల్సిందేనని ఆమెకు తెలుసు. అంత జరుగుతున్నా నాకు డాక్టర్ కావాలనే ఉంది, అదీ నిజమే.

"బయానా దీసుకునే ముందు సార్‌ను ఒక్కసారి అడుగుదాం బాపూ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. రైల్లో ఆయన నా ముఖం మీద అన్న మాట లోపలెక్కడో గుచ్చుకుని ఉందేమో.

ఫలితాలు వచ్చిన వారం సార్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో కూర్చునేవారు. అది ఆయన పెట్టుకున్న ఆనవాయితీ. ర్యాంకు వచ్చినవాళ్లు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని రావాలి, ఒంటరిగా వస్తే వెనక్కి పంపేవారు. ర్యాంకు కార్డును బల్ల మీద బోర్లా పెట్టించేవారు. ఎవరికీ శభాష్ అనేవారు కాదు, అయ్యో పాపం అనేవారూ కాదు. మొదటి ప్రశ్న మాత్రం అందరికీ ఒకటే: "సీటు రాకుంటే ఏం జేస్తవ్?" ఆ ప్రశ్నకే సగం మంది ఏడ్చేవాళ్లు. ఏడుపు అయిపోయేదాకా ఆగి, అప్పుడు కార్డు తిప్పి చూసేవారు. నా ముందు వెళ్లిన పిల్లవాడు కళ్లు తుడుచుకుంటూ, అయినా తేలికైన ముఖంతో బయటికి వచ్చాడు.

మా వంతు వచ్చింది. సార్ లేచి బాపుకు స్టూలు వేశారు. నన్ను అడగాల్సిన ప్రశ్న అడిగారు. "తెల్వదు సార్" అన్నాను. కార్డు తిప్పి చూశారు. తర్వాత నాతో కాదు, బాపుతో మొదలుపెట్టారు.

"పటేలా, ఫ్యాక్టరీ యార్డుల నీ బండి నిలవడ్డది. నీ ముందట మస్తు బండ్లున్నయి. అన్నీ ఒక్క కాంటకే పోతయా?"

కాంటా అంటే చెరుకు తూచే చోటు. బాపుకు హుషారొచ్చింది. తనకు తెలిసిన సంగతి అడిగారు మరి.

"ఎట్ల పోతయి సార్? లారీలది అలగ్. ట్రాక్టర్లది అలగ్. ఎడ్లబండ్లయి ఎడ్లబండ్ల కాంటకే."

"ర్యాంకు గూడ గంతే. నీ బిడ్డ ముందట ఉన్నోళ్లల్ల కోస్తా పిల్లలు ఆ దిక్కు కాంటకు పోతరు. రాయలసీమోళ్లది ఇంకో కాంట. మన దిక్కు పిల్లలది మన కాంట. గండ్ల మల్ల ఆడపిల్లలకు అలగ్, కులాల లెక్క అలగ్. కార్డు మీద నంబరు జూసి సంబురపడొద్దు, గాబరా గూడ పడొద్దు. మన కాంటల మన ముందట ఎంతమంది ఉన్నరు, గది జూడాలె."

"గట్లయితే నంబరు తగ్గుతది గద సార్!"

"తగ్గుతది."

"మరి డాక్టర్ సీటు?"

సార్ ఈసారి బాపుకు జవాబు చెబుతూ నన్ను చూశారు. "నీ ఫ్యాక్టరీల ఆఖరి బండి గూడ తూగుతది పటేలా. గిక్కడ తూగది. సీట్లు అయిపోంగనే కాంట బంద్. ఎనకున్న బండ్లు మర్లిపోవుడే. డాక్టర్ కాంట నీ బిడ్డ దాక రాకముందే బంద్ అయితది."

ర్యాంకు వచ్చినప్పటి నుంచి నాలో నేను చెప్పుకోలేకపోయిన మాట అది. ఆయన దాన్ని పాఠం చెప్పినట్టే చెప్పేశారు. యార్డు లెక్కతో తాను ఎక్కడ తప్పాడో బాపుకు అర్థమైంది. పంచిన పేడాలు కూడా గుర్తొచ్చే ఉంటాయి.

దేవిదాస్ చెప్పిన బేరం సంగతి, తెల్లారితే బయానా అన్న సంగతి చివరికి నేనే బయటపెట్టాను. సార్ చేతిలోని కార్డు పక్కన పెట్టారు.

"మడి అమ్మకు. రాజేంద్రనగర్ల పశువుల డాక్టర్ చదువున్నది. గదానికి గూడ ఇదే ర్యాంకు. పల్లె బడిల చదివినోళ్లకు, సేద్యం జేసేటోళ్ల పిల్లలకు అండ్ల కొన్ని సీట్లు అలగ్ పెట్టిండ్రు. గానీ తండ్రి పేరు మీద భూమి ఉండాలె. నువ్వు మడి అమ్మినవనుకో, నీ బిడ్డ గా లైన్ల నిలవడనీకె గూడ ఉండది."

బాపు స్టూలు మీంచి లేచాడు. "సార్, బర్ల ఎనక తిరుగొద్దనే గద బిడ్డను సదివిచ్చింది! మల్ల బర్ల ఎనకకే తోలుమంటరా?"

"నువ్వు తిరిగింది గాసం ఏసుటానికి. అది తిరిగేది మందు వట్టుకొని. రెండు ఒక్కటెట్లయితయి?"

బాపు సార్‌కు నమస్తే కూడా పెట్టకుండా బయటికి నడిచాడు. మా బాపు ఎవరికీ నమస్తే ఎగ్గొట్టిన మనిషి కాదు. దారి పొడుగునా రైల్లో నాకు సార్ మీద పట్టరాని కోపం. నన్ను బర్ల డాక్టర్‌ను చేయమని ఆయన్నెవరడిగారు? రైలు పట్టాల మీద పడే చప్పుడులో కూడా బర్లు, బర్లు అన్నట్టే వినిపించింది.

మరునాడు పొద్దున దేవిదాస్ కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసరికి మా ఇంటి ముందు మంచం మీద విఠల్ సార్ కూర్చుని ఉన్నారు. తెల్లవారి మొదటి బండికి ఎడపల్లిలో దిగి, దారి అడుక్కుంటూ వచ్చారట. మా ఇంటికి ఒక లెక్చరర్ రావడం అదే మొదలు. అవ్వ గాబరాగా చాయ పెట్టింది. సార్ చాయ తాగారు, దూడను నిమిరారు, పంట సంగతి అడిగారు. మడి మాట మాత్రం ఎత్తలేదు. దేవిదాస్ బేరం మొదలుపెట్టాక ఒక్క మాటన్నారు.

"కౌన్సెలింగ్ అయ్యేదాక ఆగు పటేలా. అటెంక నీ మడి, నీ ఇష్టం."

"అప్పటిదాక అక్కడ సీటుంటదా?" దేవిదాస్ గయ్యిమన్నాడు. "గిక్కడ రాకపాయె, గక్కడ పాయె! అప్పుడు పోరి బతుకు ఖరాబైతే జిమ్మేదార్ ఎవరు సార్? మీరా?"

"నేనే," అన్నారు సార్.

అంతే. ఆ పూచీ నెత్తిన వేసుకుంటూ గొంతు కూడా పెంచలేదు. ఖాళీ కప్పు అవ్వ చేతికిచ్చి మళ్లీ కూర్చున్నారు. బాపు సార్ వైపు చూశాడు, దేవిదాస్ వైపు చూశాడు, గడప దగ్గర నిలబడ్డ అవ్వ వైపు చూశాడు. ఈ బేరంలో అవ్వ మొదటిసారి నోరు విప్పింది. "ఆగుదాం" అంది. కొనేవాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. దేవిదాస్ ఆ తర్వాత చాలా ఏండ్లు మా గడప తొక్కలేదు.

ఆ తర్వాతి రోజులు నరకం. వాడకట్టులో ఎవరెదురైనా "ఏమాయె డాక్టరమ్మా?" అనేవాళ్లు. సీటు రాకపోతే మడి అయితే ఉంటుంది గానీ, నా చదువు అక్కడితో ఆగిపోతుందని నాకు తెలుసు. బాపు సార్ పేరెత్తితే ముఖం తిప్పుకునేవాడు. అయినా ఆగాడు.

కౌన్సెలింగ్‌కు బాపూ నేనూ హైదరాబాద్ వెళ్లాం. పెద్ద హాలు. గోడకున్న బోర్డు మీద మిగిలిన సీట్ల అంకెలు. ఒక్కొక్కరు లోపలికి వెళ్లి వచ్చినప్పుడల్లా ఒక అంకె చెరిపి తక్కువది రాసేవాళ్లు. సేద్యగాళ్ల పిల్లల వరుసలో, మన ప్రాంతం కింద, ఆడపిల్లల సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. బాపుకు చదువు రాదు గానీ అంకెలు వచ్చు. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. నా పేరు పిలిచేసరికి ఆ బోర్డు మీద ఇంకా ఒకటి మిగిలి ఉంది. బాపే నన్ను రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

సంతకాలన్నీ అయ్యాక బాపు బల్ల వెనకున్న ఆఫీసర్ దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు. "సార్, గొడ్ల డాక్టరంటే... డాక్టరేనా?"

ఆయన తలెత్తి చూశాడు. "డాక్టరే పెద్దాయనా. పేరు ముందు డాక్టర్ అనే రాస్తారు."

బాపు తల ఊపాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని కండువాలో ముఖం దాచుకుని ఏడ్చాడు. ఎద్దు పోయినప్పటి ఏడుపు అప్పటిదాకా ఆయనలోనే ఉందని నాకు ఆ మెట్ల మీదే తెలిసింది.

చదువు అయిపోయింది. మోస్రా దగ్గర పశువుల దవాఖానలో ఉద్యోగం వచ్చింది. మొదట్లో "ఆడిపిల్ల బర్రెను ఈనిపిస్తదా!" అని నవ్వేవాళ్లు. భుజం దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడను బయటికి లాగిన రోజు నుంచి ఆ నవ్వు ఆగింది. ప్రతి ఏడూ ఒకసారైనా నిజామాబాదు వెళ్లి సార్‌ను చూసి వచ్చేదాన్ని. రిటైరయ్యాక ఆయన బాగా చిక్కిపోయారు. ఊపిరి ఆడేది కాదు. చివరిసారి వెళ్లినప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఇన్నేళ్లుగా అడగాలనుకున్నది ఆరోజు అడిగాను.

"సార్, ఆరోజు నాకు సీటు వస్తదని మీకు ఎట్ల తెలుసు?"

"తెల్వదు."

నవ్వుతున్నారేమో అనుకున్నాను. నవ్వడం లేదు.

"అంతకు ముందటేడు ఆఖరి సీటు నీకంటే మంచి ర్యాంకుకే అయిపోయింది. ఆ లెక్కన జూస్తే నీకు రావద్దు. ఈసారి ఏమన్న కిందికి జారుతదేమో అనుకున్న, గంతే."

"మరి జిమ్మేదార్ నేనే అన్నరు గద సార్!"

ఆయాసం తీర్చుకుని మెల్లగా చెప్పారు. "సీటు రాకుంటే మడి ఉంటుండె. మడి ఉంటే ఇంకో ఏడు నువ్వు మల్ల రాస్తుంటివి. మడి పోయి సీటు గూడ దొంగదైతే మీకేముంటుండె? మీ బాపు చెయ్యి ఆగాలంటే ఎవరో ఒకరు నేను అనాలె. నేనన్న."

"సీటు రాకపోతే మా బాపు మిమ్మల్ని ఏమంటుండెనో తెలుసా?"

"తిడుతుండె. మీ ఇంటికి మల్ల వస్తుంటి. మంచం మీద కూసొని తిట్టించుకుంటుంటి," అన్నారు సార్. "తిట్లు తినేటోడు ఒకడు లేకుంటే ర్యాంకు జూసి చెప్పేటోడు ఎందుకు పిల్లా?"

ఆ తర్వాత కొన్ని నెలలకే ఆయన పోయారు. కబురు తెలియగానే బాపును స్కూటర్ మీద ఎక్కించుకుని నిజామాబాదు వెళ్లాను. సార్ నాతో చివరగా అన్న మాటలు బాపుకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని ఆరోజు అర్థమైంది. బాపు సార్ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఒకప్పుడు ఎగ్గొట్టిన నమస్తే, రెండు చేతులూ ఎత్తి చాలాసేపు పెట్టాడు. లేచేటప్పుడు నా భుజం పట్టుకుని, "మన జిమ్మేదార్ పోయిండు బిడ్డా" అన్నాడు.

ఊళ్లల్లో పాక ముందు నిలబడి రైతులు అడుగుతుంటారు, "బతుకుతదా డాక్టరమ్మా?" అని. వాళ్లకు బర్రె అంటే ఇంటిల్లిపాదీ తినే తిండి. బతకదని తెలిస్తే బతకదనే చెబుతాను, ఆశ పెట్టి మందులు కొనిపించను. తెలియకపోతే తెలియదంటాను. చెప్పి స్కూటరెక్కి వెళ్లిపోవడం మాత్రం నా చేత కాదు. పాక ముందు మంచమేసుకుని కూర్చుంటాను. బతికితే చాయ ఇస్తారు, పోతే నన్ను తిడతారు. ఏది వచ్చినా నేను అక్కడే ఉంటాను.